ఐదో అప్పడం

విశాఖపట్నంలో, కొండకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఆ పరిశోధన సంస్థలో సిలికాన్ బిళ్లల్ని అందరూ వేఫర్లు అనేవారు. పైడిరాజు ఒక్కడే అప్పడాలు అనేవాడు. అరచేతిలో పట్టేంత గుండ్రం, గోరంత పలచన, కింద పడితే పెళుక్కున విరిగే స్వభావం. పేరు పెట్టడంలో అతని తప్పేమీ లేదు. "ఇయాల ఎన్ని అప్పడాలు కావాల మేడమ్?" అని అతను అడిగితే, కొత్తగా చేరినవాళ్లు అదేదో క్యాంటీన్ సంగతనుకుని రెండు చాలని చెప్పిన సందర్భాలు కూడా ఉన్నాయి.

పైడిరాజు పోయి ఆరేళ్లయింది. అతను పెట్టిన పేరు మాత్రం ల్యాబులో నిలిచిపోయింది. డాక్టర్ యశోధర ఒక్కతే ఆ మాట వాడదు. పద్దెనిమిదేళ్ల కిందట అతన్ని ఆ ల్యాబు నుంచి పంపించేసింది ఆమే.

జరిగింది ఇదీ. పైడిరాజు టెక్నీషియన్. బిళ్లను ఆసిడ్‌లో ముంచి పైపొర తీసేయడం, కడగడం, గాలి తోడేసిన ఉక్కు చాంబర్‌లోకి పంపడం అతని పని. పంపేముందు బిళ్లను పట్టకారుతో పెదాల దగ్గరికి తెచ్చుకుని, "హా" అని ఒక్క ఊపిరి ఊదేవాడు. దాని మీద ఆవిరి పరుచుకుంటుంది. అంతటా ఒకేలా పట్టి ఒకేలా ఆరిపోతే బిళ్ల శుభ్రం. ఎక్కడైనా చుక్క ఆగితే అక్కడ మురికి ఉన్నట్టే, మళ్లీ కడగాలి. ఎవరి దగ్గర నేర్చుకున్నాడో ఎవరికీ తెలియదు గానీ, అతను సరేనన్న బిళ్ల పాడైన రోజు లేదు.

అప్పటికి యశోధరకి ముప్పై నాలుగేళ్లు. బెంగుళూరు నుంచి కొత్తగా వచ్చింది. ఆమె పని వెండితో. చాంబర్‌లో చిన్న లోహపు దొన్నెలో వెండిని వేడిచేస్తే, అది ఆవిరై, ఒక్కొక్క పరమాణువుగా వెళ్లి సిలికాన్ మీద వాలుతుంది. ఆ వాలడాన్ని ఆమె పరారుణ కాంతితో కనిపెట్టి చూస్తుంది. ఆ కాంతి కంటికి కనపడదు. కానీ బిళ్ల మీద ఏ పరమాణువు ఏ పరమాణువు చెయ్యి పట్టుకుని ఊగుతోందో దానికి తెలుస్తుంది. ఆ ఊపును బట్టి తెర మీద గీత ఒకచోట లేస్తుంది, ఒకచోట పడుతుంది. హైడ్రోజన్‌కి ఒక చోటు, నీటికి ఒక చోటు, ఎవరి చోటు వారిదే.

ఆ రోజుల్లో ఆమె గీతల్లో నీటి చోట ఒక మూపురం లేచేది. అక్కడ నీరు ఉండటానికి వీల్లేదు. వారం రోజులు జుట్టు పీక్కున్నాక, పైడిరాజు ఊపిరి ఊదడం ఆమె కంట పడింది. అంతే, కాగితం తీసి రాసేసింది. నోటి తడితో నమూనాలను పాడుచేస్తున్నాడని, ఇది నిర్లక్ష్యమని. ల్యాబులో ఉన్న అతని చేతి బిళ్లలన్నీ పారేయమంది. పని మెట్లు రాసి ఉండే పద్ధతి పుస్తకంలో అతను తన చేత్తో చేర్చుకున్న ఏడో మెట్టును కొట్టేసింది. పైడిరాజుని స్టోర్సుకి మార్చారు. అతను పట్టకారు కడిగి, తుడిచి, ఆమె బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

అతను వెళ్లాక కూడా మూపురం పోలేదు. నెల తర్వాత తెలిసింది, చాంబర్ తలుపు దగ్గర రబ్బరు చుట్టు పగిలి, బయటి తడి లోపలికి వస్తోందని. చుట్టు మార్చారు. మూపురం పోయింది. రాసిన కాగితం మాత్రం పైడిరాజు ఫైలులో అలాగే ఉండిపోయింది. రద్దు చేయించాలని యశోధర వచ్చే వారం అనుకుంది, ఈ పేపర్ అచ్చయ్యాక అనుకుంది, బదిలీల గొడవ సద్దుమణిగాక అనుకుంది. పన్నెండేళ్లు అలా అనుకుంటూ ఉండగానే పైడిరాజు గుండె ఆగి చనిపోయాడు.

ఇప్పుడు ఆమెకి యాభై రెండు. ల్యాబు కొత్త భవనంలోకి మారుతోంది. స్టోర్సు గది ఖాళీ చేయిస్తుంటే, వెనక అరలో ఒక స్టీలు డబ్బా దొరికింది. మూత లోపల పెన్సిలుతో రాసి ఉంది: 'మేడమ్ పారెయ్యమన్నవి'. దాని కింద ఐదు తేదీలు. లోపల ఐదు అరలు, నాలుగు బిళ్లలు. చివర, మిగతావాటికి ఎడంగా రాసిన ఐదో తేదీ పక్కన మరో మాట ఉంది: 'దసరా. ఇంటికి'.

కొత్త భవనంలో ఆ గీతలు గీసే స్పెక్ట్రోమీటర్ సరిగ్గా కుదిరిందో లేదో చూడటానికి పాత బిళ్ల ఏదైనా చాలు. యశోధర డబ్బాలోంచి ఒకటి తీసి, కడిగి, వెండి పూసి, చాంబర్‌కి ఆనుకుని ఉన్న, బయటి గాలి చొరని చిన్న మూతగదిలోకి జరిపి, కొంచెం తడిగాలి వదిలింది. మామూలు బిళ్ల మీద నీటి గీత నిదానంగా లేచి నిలబడుతుంది. ఇది దిగ్గున లేచింది. నాలుగు సెకన్లలో దిగిపోయింది. మళ్లీ తడిగాలి వదిలితే కదల్లేదు. పాత మురికి అనుకుంది ఆమె.

రెండోదాన్ని ముందే పన్నెండు వందల డిగ్రీల దాకా, ఎర్రగా మెరిసేదాకా కాల్చింది. ఆ వేడికి ఏ మురికీ మిగలదు. ఆ తర్వాతే వెండి పూసింది. తడిగాలి తగలగానే గీత మళ్లీ దిగ్గున లేచి, నాలుగు సెకన్లలో దిగిపోయింది. యశోధర కుర్చీ వెనక్కి జరుపుకుని, తెరను అలా చూస్తూ కూర్చుంది.

మూడోరోజు ఉదయం పది గంటలకి, మూతగదిలో పరారుణ దీపం పనిచేయకపోవడంతో ఆమె మూడో బిళ్లను నేరుగా బయటికి తీసింది. వెండి కొత్తగా పట్టిన బిళ్ల, కిటికీ వెలుగులో లేత గులాబీ రంగు అద్దంలా ఉంది. పట్టకారుతో పైకెత్తి, గీతలేమైనా పడ్డాయా అని చూడబోయింది. ఆమె ఊపిరి దాని మీద పడలేదు. ముఖానికి మాస్కు ఉంది.

బిళ్ల మధ్యలో చిన్న తెల్లని మసక పుట్టింది. పుట్టి పరుచుకుంది. అంచుల దాకా వెళ్లలేదు. కోలగా, మనిషి నోరు తెరిచి దగ్గరగా ఊదితే పడేంత మేర ఆగింది. ఎడమ పక్క మాత్రం ఒక చిన్న తోక బయటికి సాగింది. ఒక్క క్షణం అలా నిలిచి, అంచుల నుంచి లోపలికి ఆరుకుంటూ, మధ్యలో చుక్కంత మిగిలి, ఆ చుక్క కూడా మాయమైంది.

యశోధర బిళ్లను బల్ల మీద పెట్టి, రెండు చేతులూ ఒడిలో పెట్టుకుంది. ఆ తోక ఆమెకి తెలుసు. పైడిరాజుకి ఎడమ వైపు ముందుపన్ను సగం విరిగి ఉండేది. 'స' అన్నప్పుడల్లా అక్కడినుంచి గాలి తప్పించుకుని ఈల వినిపించేది. ల్యాబులో పిల్లలంతా చాటున నవ్వుకునేవారు. ఆరేళ్ల కిందట చనిపోయిన మనిషి ఆమె ఎదురుగా ఒకసారి ఊపిరి వదిలి వెళ్లాడు. భయం వేయలేదు ఆమెకి. ఇంత పెద్ద లోకంలో ఒక్క ఊపిరి కూడా ఊరికే పోదేమోనన్న ఆలోచన వచ్చి, కళ్లు నిండిపోయాయి.

తర్వాత కూర్చుని, ముక్కకి ముక్క అతికించి చూసింది. ఆసిడ్‌లోంచి తీసిన అరగంట సేపు సిలికాన్ ఒంటి మీద బట్ట లేని మనిషిలాంటిది. ఆ అరగంటలో పడిన ఊపిరి దాని లోపలికి ఇంకుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ లోతుగా దిగుతుంది, నిప్పుల్లో కాల్చినా పోనంత లోతుకి. మళ్లీ ఏనాడో వెండి వచ్చి వాలినప్పుడు, ఆ ఇంకిన జాడ మీదే చిన్న చిన్న దీవులు కడుతుంది. మొదటిసారి తడి తగలగానే, గదిలోని నీరు ఆ దీవుల మీద ఆనాటి వరుసలోనే వాలి, ఆనాటి వరుసలోనే లేచిపోతుంది. ఒక్కసారే. ఆ తర్వాత వెండి సిలికాన్‌లో కలిసిపోయి, జాడను తినేస్తుంది. మొదటి రెండు ఊపిరులనీ తను మిషన్ పరీక్షకని ఖర్చుపెట్టేసిందని యశోధరకి అప్పుడు అర్థమైంది.

డైరెక్టర్ ఫణిభూషణ్‌కి చెబితే ఆయన ముందు నవ్వాడు. నాలుగో బిళ్లని ఆయన కళ్ల ముందే మూతగదిలో పెట్టి చూపించింది. అది డబ్బాలో అన్నిటికన్నా కొత్తది, పద్దెనిమిదేళ్లది. గీత లేచింది గానీ నీరసంగా లేచింది. ఆయన నవ్వు ఆగిపోయింది.

"బయటికి తియ్యండి, ఆ మసకేదో నేనూ చూస్తాను," అన్నాడు.

తీసింది. ఏమీ పుట్టలేదు. మూతగదిలో తడి తగిలినప్పుడే ఆ ఊపిరి ఖర్చయిపోయింది.

"అంటే మిషన్ చూస్తే కన్ను చూడలేదు. కన్ను చూస్తే మిషన్ చూడలేదు," అన్నాడు ఫణిభూషణ్ నెమ్మదిగా. "కన్ను చూసిందంటే ఎవరూ నమ్మరు యశోధరగారూ. నీరసంగా లేచిన ఈ ఒక్క గీత చూపించినా నమ్మరు. బలంగా లేచేది ఇంకొకటి కావాలి, బయటివాళ్ల ఎదుట. కొత్త బిళ్లల మీద మనమే ఊదుకుంటే?"

"ఇరవై నాలుగేళ్లది గట్టిగా లేచింది. పద్దెనిమిదేళ్లది ఇంతే లేచింది. ఆ లెక్కన పదిహేనేళ్లయినా నిండనిది అసలు పలకదు సార్. అప్పటికి నాకు అరవై ఏడు. ఇక్కడినుంచి రిటైరై ఏడేళ్లు."

ఇద్దరూ డబ్బా మూత వైపు చూశారు. దసరా, ఇంటికి. ఇరవై రెండేళ్ల కిందటి తేదీ, యశోధర రాకముందుది. ఫణిభూషణ్ ఆ సాయంత్రమే ఢిల్లీకి ఫోన్ చేసి పరిశీలన సంఘాన్ని రమ్మన్నాడు. పన్నెండో తేదీ, ఉదయం పదకొండు గంటలు.

*

పైడిరాజు భార్య బంగారమ్మ ఆరిలోవలో రెండు గదుల ఇంట్లో ఉంటుంది. చీరలకు ఫాల్సు కుట్టి బతుకుతుంది. యశోధర వెళ్లేసరికి కుట్టుమిషన్ ముందు కూర్చుని, నోట్లో సూది పట్టుకుని ఉంది. సూది తీసి గుడ్డకి గుచ్చి లేచింది.

"రండి మేడమ్‌గోరు. ఎండలో పడొచ్చినారు. కూకోండి, మజ్జిగిత్తాను."

యశోధర కూర్చోలేదు. కుట్టుమిషన్ పైన, గోడకి నాలుగు మేకుల మధ్య ఆ బిళ్ల ఉంది. అంచు పొడుగునా వాడిన బొట్టుబిళ్లలు వరసగా అతికించి ఉన్నాయి, ఎరుపువీ మెరూన్‌వీ. నడుమ ఖాళీలో బంగారమ్మ ముఖం, వెనకాల వీధి గుమ్మం, గుమ్మంలో ఎండ కనిపిస్తున్నాయి.

"ఇది ఆయన తెచ్చిందే కదూ?"

"ఆయనే. ఆ యేడు దసరాకి మీ ఆపీసులో ఆయుద పూజకి అందర్నీ ఇంటోళ్లతోటి రమ్మన్నారు. మిషన్లకి పసుపు రాసి, కుంకం పెట్టి, పులిహోర పంచినారు. నన్ను లోపలికి తీసుకెళ్లి, ఇది నా సేతిలో పెట్టి ఏటో ఆట ఆడించినాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఏటాడించినాడో ఇప్పుడు గుర్తు లేదు. పనికిరాని దాన్ని పెద్దసారుని అడిగి ఇంటికి తెచ్చీసినాడు. మరి అద్దం కొనే పని లేకపోయింది నాకు."

మజ్జిగ గ్లాసు చేతిలో పట్టుకుని, యశోధర వచ్చిన పని చెప్పింది. ఎంత తేలిగ్గా చెప్పగలదో అంత తేలిగ్గా చెప్పింది. బంగారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాకుండా విన్నది. విన్నాక లేచి, ఇనప్పెట్టె తీసి, మడతల దగ్గర చిరిగిన కాగితం తెచ్చింది.

"ఇది ఆపీసులో ఇచ్చిన నకలు. ఆయన దాసుకున్నాడు. నాకు సదువు రాదు. 'నిర్లచ్చం' అని ఉందని ఆయనే సదివి సెప్పినాడు. దీన్ని మీ మిషన్లో పెడితే, ఆయన నిర్లచ్చం సెయ్యలేదని తేల్తాదేటి?"

ఆ కాగితం మీది సంతకం యశోధరదే. ఆ చిన్న గదిలో, ఆ మనిషి ఎదురుగా, నిజం చెప్పడానికి అంతకు మించిన సమయం లేదు. చాంబర్ రబ్బరు చుట్టు సంగతి నాలుక చివరి దాకా వచ్చింది. వచ్చి వెనక్కి వెళ్లిపోయింది.

"తేలుతుంది," అంది.

"అయితే తీసుకెళ్లిపోండి," అని బంగారమ్మ మేకులు వంచి, బొట్టుబిళ్లలు ఒక్కొక్కటే గోటితో గిల్లసాగింది. రెండు గిల్లి ఆగింది. "వద్దు. నానే తెత్తాను ఆరోజు. దారిలో విరిగిపోతే నా సేతిలోనే విరగనీండి."

కారులో కూర్చున్నాక యశోధర చాలాసేపు తాళం తిప్పలేదు. మజ్జిగ బాగుంది. ఆ రుచి నోట్లో ఉండగానే అబద్ధం ఆడిందన్న సంగతి ఆమెని ఇంటిదాకా వదల్లేదు.

*

పన్నెండో తేదీ బంగారమ్మ పది గంటలకే వచ్చింది. జరీ అంచు చీర కట్టుకుంది. గుడ్డసంచిలో రెండు దిండుగలీబుల మధ్య బిళ్లని పెట్టుకుని, బస్సులో నిలబడి వచ్చింది. ఖాళీ సీటున్నా కూర్చోలేదట, కుదుపుకి ఒళ్లో విరిగిపోతుందని.

ఢిల్లీ సంఘంలో ముగ్గురు. అందులో పెద్దాయన ఎనభైకి దగ్గర్లో ఉన్నాడు, తెలుగువాడే, అనంతపురం వైపు మనిషి. మిగతా ఇద్దరూ తెర దగ్గర నిలబడితే, ఆయన స్టూలు అడిగి చాంబర్ పక్కనే కూర్చున్నాడు.

యశోధర బిళ్లను జిగురు పోయేలా కడిగింది, ఆసిడ్‌లో ముంచింది, చాంబర్‌లోకి పంపి ఎర్రగా కాల్చింది, చల్లార్చి మళ్లీ పైన హైడ్రోజన్ పట్టించింది. దొన్నెకి కరెంటు పెట్టింది. ఇరవై రెండేళ్లు ఒక ఆడమనిషి ముఖాన్ని మోసిన అద్దం మీద వెండి వాలడం మొదలైంది. తెర మీద హైడ్రోజన్ గీత కొంచెం కొంచెంగా దిగుతోంది. వెండి వచ్చి కూర్చున్న ప్రతిచోటా ఒక హైడ్రోజన్ లేచి చోటిస్తున్నట్టు లెక్క. పన్నెండు నిమిషాల పని అది. తొందరపెడితే చెడుతుంది.

బంగారమ్మ చాంబర్ గాజు కంతలోంచి లోపలికి చూసింది. చిన్న దొన్నె వెలుగు తప్ప ఏమీ కనపడలేదు.

"మేడమ్‌గోరు, అయిపోయాక నాకేటి కనపడతాది?"

"దీన్ని ఎడమ వైపు గదిలోకి జరుపుతాను. అక్కడ తడిగాలి తగులుతుంది. తెర మీద గీత లేస్తుంది."

"గీతా?"

"అవును."

"ఆయన కనపడడేటి?"

బంగారమ్మ తెర వైపు చూసింది, ఫణిభూషణ్ వైపు చూసింది, కోట్లు వేసుకున్న ఇద్దరి వైపూ చూసింది. తర్వాత తగ్గు గొంతుతో, ఎవర్నీ తప్పు పట్టకుండా, తెలియక అడిగినట్టే అడిగింది.

"ఆ గీత లేత్తేనే ఆయన మంచోడేటి మేడమ్‌గోరు? లెగకపోతే కాడా?"

హైడ్రోజన్ గీత సగానికి దిగింది. ఇంకా ఆరు నిమిషాలు. యశోధర చేతి తొడుగులు తీసి బల్ల మీద పెట్టింది.

"బంగారమ్మగారూ, ఆ రోజు మీ ఇంట్లో మీకు అబద్ధం చెప్పాను. ఆయన తప్పు లేదని తేలడానికి ఈ గీత అక్కర్లేదు. ఆయన్ని పంపేసిన నెలకే తెలిసింది, తలుపు దగ్గర రబ్బరు చుట్టు పగిలిందని. తడి అక్కడినుంచి వచ్చింది. ఆయన ఊపిరి నుంచి రాలేదు. ఆ సంగతి నాకు పద్దెనిమిదేళ్లుగా తెలుసు."

ఫణిభూషణ్ తెర మీంచి చూపు తిప్పి యశోధర వైపు చూశాడు.

బంగారమ్మ ఖాళీ సంచిని చిన్నగా మడిచింది. మళ్లీ విప్పి మడిచింది.

"ఆయన పోయినరోజు మీరు వచ్చినారు," అంది చివరికి. "పెద్ద దండ తెచ్చి ఏసినారు. నాను మీ సేతులట్టుకుని ఏడిసినాను. అప్పుడైనా సెప్పలేదేటి మేడమ్‌గోరు. ఆయన సెవిలో సెప్పినా సరిపోను."

యశోధర సిగ్గుతో తల దించుకుంది, దించుకున్న తల ఎత్తలేకపోయింది. ఆరు నిమిషాలూ అలాగే గడిచాయి. గీత అడుగుకి చేరింది. దొన్నె కరెంటు కట్టేసి, బిళ్లను మోసే కడ్డీ మీద చెయ్యి వేసింది. ఎడమకి తిప్పితే మూతగది. కుడికి తిప్పితే తలుపు, తలుపు బయట వీళ్లందరూ నిలబడి ఉన్న గది, ఆ గదిలోని గాలి.

"ఇది మీది," అంది బంగారమ్మతో. "ఎడమకి తిప్పితే మిషన్ చూస్తుంది. కుడికి తిప్పితే మీరు చూస్తారు. రెండూ కుదరవు. ఏం చెయ్యమంటారు?"

"యశోధరగారూ," అన్నాడు ఫణిభూషణ్. "ఇంకొకటి లేదు. పదిహేనేళ్లు, ఆలోచించుకోండి."

"కుడికి తిప్పితే మీకు పనికిరాదు కదేటి?" అని అడిగింది బంగారమ్మ.

"నాకు పనికిరాదు."

బంగారమ్మ కొంగు భుజం చుట్టూ తిప్పుకుని ముందుకి వచ్చి నిలబడింది.

"అయితే నాను సూత్తాను."

యశోధర కడ్డీని కుడికి తిప్పింది. చాంబర్‌లోకి పొడిగాలి బుస్సుమని నిండింది. తలుపు తీసి, పైడిరాజు వదిలివెళ్లిన పట్టకారుతోనే బిళ్లను అందుకుని, బంగారమ్మ ముఖం ఎదురుగా పట్టుకుంది. స్టూలు మీది పెద్దాయన లేచి నిలబడ్డాడు.

మసక పుట్టింది. ఈసారి చాలా గట్టిగా, పాలు ఒలికినంత తెల్లగా పుట్టింది. కోలగా పరుచుకుంది, ఎడమ పక్క తోక సాగింది.

"పన్ను," అంది బంగారమ్మ. "ఆయన పన్ను."

ఆ మాట పూర్తికాకముందే, ఆ మసక పక్కనే ఇంకొకటి లేచింది. అది చిన్నది, గుండ్రనిది, సిగ్గుపడుతూ ఊదినంత పలచన. నవ్వు ఆపుకోలేక మధ్యలో తెగినట్టు రెండు ముక్కలుగా వచ్చింది. రెండు మసకలూ పెరిగి, అంచులు తగిలి, ఒకదాంట్లో ఒకటి కలిశాయి. ఇరవై రెండేళ్ల కిందటి ఒక దసరా మధ్యాహ్నం, అరచేతి వెడల్పున, అందరి కళ్ల ముందు నిలబడింది. తర్వాత అంచుల నుంచి ఆరడం మొదలైంది. పెద్దది ముందు పోయింది. చిన్నది ఇంకాస్త ఉండి పోయింది.

వెండిలో బంగారమ్మ ముఖం మిగిలింది, జుట్టు నెరిసి, కళ్లు పెద్దవి చేసుకుని.

"రెండోది నాది," అంది. గొంతు చాలా మెత్తగా ఉంది. "ఊదు అన్నాడు. ముందు తను ఊదినాడు. నాకు నవ్వొచ్చీసింది. పెద్దసార్లు సూత్తారు, ఒగ్గీ అన్నాను. ఊదితే గానీ పులిహోర పెట్టను అన్నాడు." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నాను మర్సిపోయినాను మేడమ్‌గోరు. ఇది మర్సిపోలేదు."

కోటు వేసుకున్న వాళ్లలో ఒకాయన తెర వైపు చూశాడు. తెర మీద ఏమీ లేదు. పెద్దాయన కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఫణిభూషణ్, నేను చూడలేదని రాయలేను. చూశానని రాద్దామంటే నా చేతిలో గీత లేదు," అన్నాడు. "అరవై ఏళ్లుగా ఈ పనిలో ఉండాను. ఇట్లాంటిది చూసి పోతానని అనుకోలేదు." ఆయన మళ్లీ స్టూలు మీద కూర్చున్నాడు.

యశోధర బల్ల దగ్గరికి వెళ్లి కాగితం తీసింది. పద్దెనిమిదేళ్ల కిందట ఎంత తొందరగా రాసిందో ఇప్పుడు అంత నిదానంగా రాసింది. ఫలానా తేదీన తాను రాసింది తప్పని, పైడిరాజు పనిలో ఏ నిర్లక్ష్యమూ లేదని, ఆ సంగతి తెలిసీ దాచినది తానేనని. గట్టిగా చదివి వినిపించి, నకలు తీసి, రెండింటి మీదా సంతకం చేసి, ఒకటి ఫణిభూషణ్‌కి, ఒకటి బంగారమ్మకి ఇచ్చింది. బంగారమ్మ దాన్ని మడిచి జాకెట్టులో పెట్టుకుంది. క్షమించానని అనలేదు. యశోధర అడగనూ లేదు.

"ఇప్పుడు నాకు అద్దం లేదు," అంది బంగారమ్మ కాసేపటికి.

"మీది మీరు తీసుకెళ్లండి. వెండి పట్టింది, ఇంకా బాగా కనపడుతుంది." ఆగి, యశోధర కొత్త బిళ్లల పెట్టె తెరిచింది. "కానీ ముందు ఇంకో పని ఉంది."

కొత్త బిళ్లను ఆసిడ్‌లో ముంచి, కడిగి, పట్టకారుతో పైకి తీసింది. పదిహేనేళ్ల తర్వాత దీని మీద వెండి పూసేది ఎవరో, గాలి తగిలినప్పుడు ఎదురుగా నిలబడేది ఎవరో ఆమెకి తెలియదు. అప్పుడు తెర మీద లేచే గీతకి ఎవరి పేరు పెడతారో కూడా తెలియదు. ఆ సంగతి తలుచుకుంటే బాధ కలగాలి. కొంచెం కలిగింది కూడా. కానీ ఇందాక చూసిన దాని ముందు ఆ బాధ నిలబడలేకపోయింది.

స్టీలు డబ్బా మూత లోపల, పైడిరాజు ఐదో తేదీ కింద, ఆ రోజు తేదీ రాసింది. పద్ధతి పుస్తకం తీసి, తాను కొట్టేసిన ఏడో మెట్టును తిరిగి రాసింది: చాంబర్‌లోకి పంపేముందు ఊపిరి ఊది చూడవలెను.

"ఊదండి," అంది బంగారమ్మతో.

"ముందు మీరు ఊదండి మేడమ్‌గోరు. మొగమాటపడకండి. మొగమాటపడితే నాలాగ ముక్కలుగా వత్తాది."

యశోధర మాస్కు తీసేసింది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఒక్కసారి కూడా చేయని పని. బిళ్లను పెదాల దగ్గరికి తెచ్చుకుని, నోరు తెరిచి, నిండుగా ఊదింది. ఆవిరి పరుచుకుంది. ఎక్కడా చుక్క ఆగలేదు. అంతటా ఒకేలా పట్టి, అంతటా ఒకేలా ఆరిపోయింది.

"శుభ్రంగా ఉంది అప్పడం," అంది యశోధర, బంగారమ్మ చేతికి అందిస్తూ.